ప్రపంచంలోకెల్లా ఎత్తైన ఫోటో

లేహ్ పట్టణం నుంచి సుమారు నలభై కిలోమీటర్లు పైకి వెళ్తే ఖర్దుంగ్ లా కనుమ వస్తుంది. అక్కడొక బోర్డు ఉంది. తన ఎత్తు 18,380 అడుగులని, ప్రపంచంలో బండ్లు తిరిగే రోడ్లన్నిట్లోకీ తానే ఎత్తైనదాన్నని ఆ బోర్డు చాలా ఏళ్ళు చెప్పుకుంది. జీపీఎస్ పట్టుకుని ఎక్కినవాళ్ళు కొలిచి చూస్తే 5,359 మీటర్లు, అంటే 17,582 అడుగులు తేలింది. ఎనిమిది వందల అడుగులు ఎక్కడ పోయాయో ఎవరికీ తెలియదు. తరవాత బోర్డు మార్చారు. ఈసారి 17,982 అని రాశారు. నిజానికి ఇంకా నాలుగు వందల అడుగులు పైనే. ఒక్కసారిగా కిందికి దిగితే తల తిరుగుతుందనుకున్నారో ఏమో!

ఈ బోర్డు రాయని ఆ అసలు అంకె మనాలీ దారిలో దొరుకుతుంది. అక్కడి తంగ్లాంగ్ లా బోర్డు మీద సరిగ్గా 17,582 అనే ఉంటుంది, తాను ప్రపంచంలో రెండోదాన్నన్న బిరుదుతో సహా. కొలిస్తే దాని ఎత్తు 17,480 అడుగులు. పాంగాంగ్ సరస్సు దారిలోని చాంగ్ లా 17,688 అడుగులని రాసుకుంది. దాని అసలు ఎత్తు ఖర్దుంగ్ లాతో ఇంచుమించు సమానం. ఈ ముగ్గురూ కిరీటం కోసం తగువులాడుకుంటుంటే, అదే లద్దాఖ్‌లో 5,582 మీటర్ల మార్సిమిక్ లా ఎవరికీ చెప్పకుండా వీళ్ళందరికన్నా పైన కూర్చుని ఉంది. 2021లో 19,024 అడుగుల ఉమ్లింగ్ లా రోడ్డు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అప్పటిదాకా ఆ పీట మీదున్నది బొలీవియాలోని ఒక అగ్నిపర్వతం రోడ్డు. 2025 అక్టోబరులో 19,400 అడుగుల మిగ్ లా వచ్చి ఉమ్లింగ్ లాను కూడా దించేసింది. ఇంత జరిగినా లేహ్ బజారులో ఖర్దుంగ్ లా టీషర్టుల బేరం తగ్గలేదు. ఛాతీ మీద పాత అంకె వేసుకుని శంషాబాద్‌లో దిగేవాళ్ళూ తగ్గలేదు.

బోర్డు అబద్ధమాడితే నష్టం లేదు. ఊరికో బోర్డు గొప్పలు చెప్పుకుంటూనే ఉంటుంది. చిక్కంతా 59,146 చదరపు కిలోమీటర్ల లద్దాఖ్‌ను ఆ బోర్డు చుట్టూ నాలుగడుగుల జాగాలోకి కుదించి, ఫోటో దిగి, ‘జయించాం’ అని ప్రకటించే వీరుడితోనే.

వీరుణ్ణి గుర్తుపట్టడం తేలిక. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, విశాఖ నుంచి ఉత్తరానికి కదులుతాడు. బయలుదేరడానికి మూడు నెలల ముందే మోకాళ్ళకు తొడుగులు, మోచేతులకు తొడుగులు, హెల్మెట్ మీద కెమెరా కొంటాడు. ఆరు చక్రాల లారీలు రోజూ సరుకులు మోసుకుని ఎక్కే రోడ్డు మీదికి అంతరిక్షానికి వెళ్ళేవాడిలా ముస్తాబవుతాడు. బుల్లెట్ హ్యాండిల్‌కు అయిదు రంగుల బౌద్ధ ప్రార్థనా పతాకాలు కడతాడు. గాలి వీచినప్పుడల్లా వాటి మీది ప్రార్థనలు నలుదిక్కులా మేలు పంచుతాయని కట్టినవాళ్ళ నమ్మకం. తిరిగొచ్చాక అవి హైవే మీద గంటకు నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో పంచే మేలు సంగతి పక్క ఊరి నుంచి పాలు తెచ్చే టీవీఎస్ మోపెడ్ ఆసామిని అడగాలి.

ఇక యాత్ర లెక్క. అయిదు రాత్రులు, ఆరు పగళ్ళు. మొదటి రోజు లేహ్‌లో దిగడం. రెండో రోజు మాగ్నెటిక్ హిల్, సింధు–జంస్కార్ సంగమం. మూడో రోజు ఖర్దుంగ్ లా మీదుగా నుబ్రా లోయ, హుందర్ ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటె. నాలుగో రోజు శ్యోక్ ఒడ్డు వెంట పాంగాంగ్‌కు. అయిదో రోజు చాంగ్ లా మీదుగా వెనక్కి. ఆరో రోజు విమానం. తెలంగాణ విస్తీర్ణంలో సగానికి మించిన ప్రాంతం ఇది. ఉప్పునీటి సరస్సులు, ఇసుక దిబ్బలు, మంచు నదులు, చంద్రుడి మీద ఉన్నట్టుండే మట్టి గుట్టలు, పచ్చటి బార్లీ మళ్ళు అన్నీ ఇందులోనే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఇంత నేల మీద ఉన్న మనుషులు 2,74,289 మంది. ఇదంతా ఆరు రోజుల్లో ‘పూర్తయింది’. పరీక్షకు ముందు రాత్రి గైడు తిరగేసిన కుర్రాడు కూడా సిలబస్ పూర్తయిందనే అంటాడు.

మాగ్నెటిక్ హిల్ దగ్గర ఆగుదాం. లేహ్ నుంచి కార్గిల్ వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. అక్కడా బోర్డే. ఈ కొండకు అయస్కాంత శక్తి ఉందని, ఇంజన్ ఆపితే బండి దానంతటదే ఎగువకు పాకుతుందని చెబుతారు. జరిగేది కంటి భ్రమ. చుట్టూ ఉన్న కొండల వాలు వల్ల కిందికి పోయే రోడ్డు పైకి పోతున్నట్టు కనిపిస్తుంది. బండి మాత్రం భూమ్యాకర్షణ చెప్పినట్టు బుద్ధిగా కిందికే దొర్లుతుంది. ఇంజనీరింగ్ చదివి, క్యాంపస్ ఇంటర్వ్యూలో న్యూటన్ నియమాలు అప్పజెప్పి ఉద్యోగం తెచ్చుకున్న వీరుడు ఇక్కడ న్యూట్రల్‌లో కూర్చుని ‘చూశారా ఫ్రెండ్స్, లాగుతోంది, లాగుతోంది’ అంటూ వీడియో తీస్తాడు. ఆ వీడియో అప్పటికప్పుడు లోకానికి చేరదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచెయ్యవు. ఆ కొండ చేసిన ఏకైక అద్భుతం బహుశా అదే.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే నిమ్ము దగ్గర సంగమం. సింధు ఒక రంగులో, జంస్కార్ మరో రంగులో వచ్చి కలుస్తాయి. దేశానికి హిందూదేశం అన్న పేరు ఏ నది వల్ల వచ్చిందో ఆ నది కాళ్ళ కింద పారుతుంటే, వీరుడు దానికి వీపు తిప్పి నిలబడతాడు. సెల్ఫీకి వీపే తిప్పాలి మరి. ఫోటో అయ్యాక బండి వెనక్కి తిరుగుతుంది.

అదే రోడ్డు మీద మరో ముప్ఫై కిలోమీటర్లు పోతే ఆల్చి ఊరు. సుమారు ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ కిందటి బౌద్ధ ఆలయాలు అక్కడ ఉన్నాయి. లోపలి గోడల మీద అప్పటి కశ్మీరీ చిత్రకారుల పనితనం ఇంకా రంగు చెడకుండా కనిపిస్తుంది. మూడంతస్తుల సుమ్‌త్సెక్ ఆలయంలో నిలువెత్తును మించిన బోధిసత్వ విగ్రహాల ధోవతుల మీద కూడా చిన్న చిన్న బొమ్మలతో కథలు గీశారు. కశ్మీర్‌లో ఆ కాలపు బౌద్ధ చిత్రకళ దాదాపు మిగల్లేదు. దాన్ని చూడాలంటే ఆల్చికే రావాలి. అమరావతి, నాగార్జునకొండల వాళ్ళకు బౌద్ధ శిల్పం పరాయిది కాదు కదా, వీళ్ళైనా ఆగుతారని ఆశపడవచ్చు. ఆగరు. ఆల్చి లోయలో, నది పక్కన, పల్లంలో ఉంది. ప్రపంచంలో అది ఎన్నో ఎత్తైనదో చెప్పే బోర్డు అక్కడ లేదు. పైగా ఆ గోడల్ని లోపల ఫోటో తియ్యనివ్వరు. ఫోటో రాని చోట చూడడానికి ఏముంటుంది!

వీరుడి శత్రువు గాలి. పైన ఆక్సిజన్ శాతం తక్కువని అతను దారంతా చెబుతాడు. గాలిలో ఆక్సిజన్ శాతం ఇక్కడా అక్కడా 21 లోపే. తగ్గేది పీడనం. ఖర్దుంగ్ లా మీద అది సముద్రతీరంలో ఉన్నదానిలో దాదాపు సగం. ఊపిరి అంతే పీలుస్తాం, ఒంటికి అందేది సగం. శరీరం దీనికి అలవాటు పడగలదు. కాకపోతే దానికి టైమ్ కావాలి, ప్యాకేజీలో అది లేదు. మూడు వేల మీటర్లు దాటాక నిద్రపోయే చోటు ఎత్తు రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. విమానంలో లేహ్‌కు వచ్చినవాళ్ళు నలభై ఎనిమిది గంటలు కదలకుండా ఉండాలని అక్కడి అధికారులు మొత్తుకుంటారు. ఢిల్లీలో రెండు వందల మీటర్ల దగ్గర విమానం ఎక్కిన మనిషి గంటన్నర తిరక్కుండా మూడు వేల రెండు వందల మీటర్ల పైన దిగుతాడు. దిగిన సాయంత్రమే శాంతి స్తూపం మెట్లు పరుగెత్తి ఎక్కుతాడు. రాత్రికి తల పగిలిపోతుంది. ‘విమానంలో తిన్న శాండ్‌విచ్ పడలేదు’ అని నిర్ధారిస్తాడు.

మనాలీ నుంచి బైకు మీద వచ్చే వీరుడిది ఇంకా పెద్ద సాహసం. మనాలీ సుమారు రెండు వేల మీటర్ల ఎత్తులో ఉంది. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ ఎక్కే పని తప్పింది. అలా మిగిలిన గంటల్ని ఒళ్ళు అలవాటు పడడానికి వాడుకోవచ్చు. జిస్పాలో ఆగి పడుకోవచ్చు. వీరుడు ఆ గంటల్ని ఇంకా ముందుకు పోవడానికి వాడుకుంటాడు. బారాలాచా లా దాటి, సాయంత్రానికి సర్చూ గుడారాల్లో వాలతాడు. ఒకే రోజున రెండు వేల మీటర్లకు పైగా ఎక్కి, 4,200 మీటర్ల పైన పడక! ఆ రాత్రి సర్చూలో నక్షత్రాలు చూసినవాళ్ళ కన్నా వాంతులు చేసుకున్నవాళ్ళే ఎక్కువని ఆ దారి డ్రైవర్లు నవ్వుతూ చెబుతారు. నవ్వులాట కానిది కూడా ఉంది. నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ప్రాణం పోతుంది. అప్పుడు పనిచేసే మందు కిందికి దిగడం. ఆ మాట చెబితే వీరుడు ఒప్పుకోడు. తరవాతి బోర్డు ఇంకా పైన ఉంది.

ఆహారం విషయంలో మాత్రం మనవాళ్ళు ముందుచూపు గలవాళ్ళు. ఆవకాయ, కందిపొడి, చిన్న కరెంటు రైస్ కుక్కర్ సంచిలో పడతాయి. పాంగాంగ్ ఒడ్డున నీళ్ళు సుమారు 86 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి మూత బిగుసుకోని కుక్కర్లో అన్నం ఎంతసేపు పెట్టినా పలుకు మిగులుతుంది. ఆ పలుకు మీద ఆవకాయ కలుపుకుని, ‘మన సోనా మసూరి కూడా ఇక్కడ ఉడకలేదు, అంత భయంకరమైన చోటు’ అని ఇంటికి ఫోను. పక్క గుడారంలో లద్దాఖీ ఆవిడ ప్రెషర్ కుక్కర్ విజిల్ వినిపిస్తూనే ఉంటుంది.

‘జయించాం’ అన్న మాట దగ్గరికి వద్దాం. ఏమిటి జయించింది? ఖర్దుంగ్ లా రోడ్డు 1976లో వేశారు. 1988లో మామూలు జనం వాహనాలకు తెరిచారు. సియాచిన్‌లోని సైనికులకు సరుకులు చేరేది ఆ దారినే. దాన్ని ఏడాది పొడుగునా మంచు తవ్వి, విరిగిన రాళ్ళు తొలగించి తెరిచి ఉంచేది సరిహద్దు రహదారుల సంస్థ. ఆ సంస్థ పేరున ఎండలో, దుమ్ములో తారు మరిగించేది ఎక్కువగా జార్ఖండ్ నుంచి, బీహార్ నుంచి వచ్చే కూలీలు. 2020లో కరోనా రోజుల్లో దేశమంతా బండ్లు ఆగిపోయినప్పుడు, ఈ రోడ్ల పని కోసం జార్ఖండ్‌లోని దుమ్కా నుంచి ప్రత్యేక రైల్లో కూలీలను పంపారు. సంతాల్ పరగణాల వాళ్ళు. మైదానంలో పుట్టిన ఒళ్ళే వాళ్ళదీ. కనుమ మీద ఇరవై నిమిషాలు నిలబడి దిగిపోండని పర్యాటకులకు సలహా ఇస్తారు. ఆ కూలీలు ఆ చుట్టుపక్కలే నెలలపాటు పారతో పని చేస్తారు. మలుపు దగ్గర జెండా ఊపి వీరుడి బుల్లెట్‌ను ఆపే మనిషి, ముక్కుకు గుడ్డ కట్టుకున్న మనిషి, అతని వీడియోలో అర సెకను కనిపించి పోతాడు. నేపథ్యంలో పాట మోగుతూ ఉంటుంది.

నుబ్రా నుంచి పాంగాంగ్‌కు పోయే దారి శ్యోక్ నది వెంట సాగుతుంది. ఆ శ్యోక్‌లోనే ఎగువన గల్వాన్ నది వచ్చి కలుస్తుంది. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15న ఆ గల్వాన్ లోయలోనే ప్రాణాలిచ్చారు. ఇంకా దక్షిణాన, చుషూల్ దగ్గర, 1962 నవంబరు 18న రెజాంగ్ లా మీద మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ దాదాపు మొత్తంగా నేలకొరిగింది. ఈ కొండల మీద ‘జయం’ అన్న మాటకు ఖరీదు అలా కట్టినవాళ్ళు ఉన్నారు. హీటరున్న అద్దె కారులో వెనక సీట్లో కూర్చుని, మలుపుల్లో కళ్ళు మూసుకుని, పైకి వచ్చాక కళ్ళు తెరిచినవాడు అదే మాట వాడుతుంటే మిగతావాళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

బైకు వీరులకు ఇంకో చిన్న అవమానం ఉంది. అది వాళ్ళ వీడియోల్లో రాదు. మనాలీలోనో ఢిల్లీలోనో అద్దెకు తీసుకున్న బైకుతో లేహ్ దాకా రావచ్చు. అక్కణ్ణుంచి నుబ్రాకో, పాంగాంగ్‌కో దాని మీద వెళ్తామంటే అక్కడి సంఘాలు ఒప్పుకోవు. బండి పక్కన పెట్టి లేహ్‌లో మరొకటి అద్దెకు తీసుకోవాలి. ఏడాదిలో నాలుగు నెలలే సంపాదన ఉండే ఊళ్ళో వాళ్ళ బతుకుతెరువు అది. వీరుడు దీన్ని దౌర్జన్యమంటాడు. ప్రపంచపు కప్పు మీదికి సొంత కండతో వచ్చిన మనిషిని ఒక రసీదు పుస్తకం ఆపడం ఏమిటని అతని బాధ.

ఇన్ని కష్టాలు పడి పాంగాంగ్ చేరితే ఏం చూస్తాడు? సినిమా. 2009 డిసెంబరులో విడుదలైన ‘త్రీ ఇడియట్స్’ చివరి సన్నివేశం అక్కడ తీశారు. నూట ముప్ఫై కిలోమీటర్ల పైగా పొడవున, రెండు దేశాల అదుపుల మధ్య పడుకున్న ఉప్పునీటి సరస్సు అది. ఎండ కదిలినకొద్దీ నీలం రంగులు మారుతూ ఉంటాయి. ఒడ్డున పసుపుపచ్చ స్కూటర్లు, రంగురంగుల ఫైబర్ కుర్చీలు వరసగా ఉంటాయి. డబ్బిచ్చి ఎక్కి ఫోటో దిగాలి. అందరూ స్కూటరు వెనకే క్యూ కడతారు. అదే సినిమాలో కనిపించిన బడి లేహ్ దగ్గర షే ఊళ్ళో ఉంది. అక్కడి గోడ దగ్గర ఫోటోలకు వచ్చే జనంతో పిల్లల చదువు సాగక, ఆ గోడ గొడవ వదిలించుకోవాలని 2018లో బడివాళ్ళు నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. సినిమాలో చెప్పింది చదువు గురించేనన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. 2022లో ఇంకొందరు ఖరీదైన కారును సరస్సు నీళ్ళలోకే తోలి, అందులో నిలబడి మందు సీసాలతో చిందులేసి వీడియో పెట్టారు. ఆ నీళ్ళ దగ్గరికి ఎండాకాలంలో గుడ్లు పెట్టడానికి వచ్చే పక్షులకు ఆ వీడియో అందినట్టు దాఖలా లేదు.

లేహ్‌లో ఏడాదికి పడే వాన సుమారు వంద మిల్లీమీటర్లు. కరువుసీమగా పేరుపడ్డ అనంతపురంలో కురిసేదాంట్లో ఐదో వంతు. ఊరు బతికేది కరిగే మంచు మీద. ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే చుర్‌పోన్ అనే మనిషిని ఊళ్ళే వంతులవారీగా పెట్టుకుంటాయి. ఇళ్ళలో నీళ్ళు అక్కర్లేని మరుగుదొడ్లు, ఆ మట్టి ఎరువై పొలానికి పోతుంది. మంచును చలికాలంలో శంకువులా నిలబెట్టి వసంతంలో సాగుకు వాడుకునే హిమస్తూపాలను సోనమ్ వాంగ్‌చుక్ బృందం 2013 ప్రాంతంలో మొదలుపెట్టింది ఈ కరువులోంచే. అలాంటి ఊళ్ళో వీరుడికి పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ వేడినీళ్ళు, ఫ్లష్ మరుగుదొడ్డి కావాలి. హోటళ్ళు బోర్లు వేస్తాయి. షవర్లో నీళ్ళు సన్నగా వస్తే రెండు చుక్కల రేటింగు ఇచ్చి, కింద ‘ఇంత పెద్ద నది పక్కనుండగా నీళ్ళకు ఏమైంది’ అని రాస్తాడు.

మనాలీ దారిలో గాటా లూప్స్ అనే ఇరవై ఒక్క మలుపుల చోట దాహంతో చనిపోయిన లారీ క్లీనర్ దయ్యమై తిరుగుతాడని కథ. దారిన పోయేవాళ్ళు అతని పేరున నీళ్ళ సీసా పెట్టి దండం పెట్టుకుంటారు. ఇప్పుడక్కడ ప్లాస్టిక్ సీసాల గుట్ట పేరుకుంది. దయ్యానికి కావలసింది ఇప్పుడు నీళ్ళు కాదు, చెత్తబండి.

ఇదంతా చదివి, ‘జీవితంలో ఒక్కసారి వెళ్ళే మధ్యతరగతి మనిషి మీద ఇంత ఎకసెక్కమా, సెలవు దొరికేదే వారం’ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సెలవు వారమే. అందుకే ఆ వారంలో ఇన్ని కనుమలు ఎందుకన్నది అసలు ప్రశ్న. తక్కువ సెలవున్నవాడు తక్కువ తిరగాలి కదా! వారమంతా లేహ్ నుంచి పడమటికి, ఆల్చి, బాస్గో, లామాయూరు దాకా సింధు వెంట నిదానంగా పోయినా చూడ్డానికి కరువుండదు. లామాయూరులో ఒకప్పటి సరస్సు అడుగున పేరుకున్న మట్టి ఇప్పుడు పసుపు గుట్టలుగా నిలబడి ఉంది. ఎత్తే కావాలంటే 4,500 మీటర్ల హాన్లే ఉంది. అక్కడి రెండు మీటర్ల టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోసకోటె నుంచి శాస్త్రవేత్తలు ఉపగ్రహం ద్వారా నడుపుతారు. 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించి, ఊళ్ళో దీపాలు కిందికి మళ్ళించారు. ఫ్లాష్ వెయ్యవద్దని మాత్రం అడుగుతారు. వీరుడికి ఆ ఒక్క షరతు కష్టం.

వచ్చే సీజన్ ప్యాకేజీలు అప్పుడే ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఖర్దుంగ్ లా పాతబడింది కాబట్టి ఉమ్లింగ్ లా చేర్చారు, రోజులు మాత్రం అవే ఆరు. మిగ్ లా కూడా పెడతారా అని ఒకాయన అడిగితే, ‘పర్మిషన్ వస్తే పెడతాం సార్, టీషర్టు మాత్రం ఇప్పుడే ఆర్డర్ ఇవ్వచ్చు, సైజు చెప్పండి’ అని జవాబు. ఆయన ఎక్సెల్ అని చెప్పి అడ్వాన్సు పంపేశాడు.